ఊనోలో కాటా పంపే టెక్స్ట్ చదవడానికి స్ట్రింగా, చార్ అర్రేనా? 32 కిలోలు దాటితే మైనస్ చూపిస్తోంది

#1 మద్దిలపాలెం_ప్రాజెక్ట్

అందరికీ నమస్కారం. ఫిషింగ్ హార్బర్‌లో వేలం దగ్గర వాడేలాంటి ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువు తీసుకుని ఆర్డ్యునో ఊనోలో చదవాలి. కాటా వెనక ఆర్‌ఎస్-232 పోర్టు ఉంది. మధ్యలో వోల్టేజీ మార్చే మ్యాక్స్232 మాడ్యూల్ పెట్టి, 10, 11 పిన్నుల మీద సాఫ్ట్‌వేర్ సీరియల్‌తో 9600 బాడ్‌లో చదువుతున్నాం.

కాటా పంపే లైను ఇలా ఉంటుంది: ఎస్, టీ, కామా, జీ, ఎస్, కామా, ప్లస్ గుర్తు, ఒక ఖాళీ, 33.250, చివర కేజీ అన్న రెండక్షరాలు, ఆ తర్వాత క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్. మొత్తం 18 బైట్లు.

కోడ్‌లో రీడ్‌స్ట్రింగ్‌తో మొత్తం ఒక స్ట్రింగ్‌లోకి తీసుకుంటున్నాం. సబ్‌స్ట్రింగ్ 7 నుంచి 10 దాకా కిలోలు, 11 నుంచి 14 దాకా గ్రాములు. రెండూ టుఇంట్ చేసి, కిలోలను 1000తో గుణించి గ్రాములు కలుపుతున్నాం. అన్నీ ఇంట్ వేరియబుల్సే.

కాటా మీద ప్రింట్ బటన్ నొక్కితే బరువు వస్తుంది, కానీ ఒక సెకను ఆలస్యంగా. కాటాని కంటిన్యూయస్ మోడ్‌లో పెడితే మొదటి నుంచే ఏమీ రాదు, బోర్డు ఆగిపోయినట్టు ఉంటుంది. ఇంకోటి, 32 కిలోల దాకా బాగానే ఉంటుంది. ఐసుతో కలిపి ట్రే 33.250 తూగితే మాత్రం మైనస్ 32286 చూపిస్తోంది. ఏ డేటా టైప్ వాడాలో చెప్పండి.

#2 గాజువాక_సోల్డరు

మొదటి రెండింటికీ కారణం ఒక్కటే, రీడ్‌స్ట్రింగ్.

ఆ ఫంక్షన్‌కి లైను ఎక్కడ అయిపోయిందో తెలీదు. అక్షరం తర్వాత అక్షరం తీసుకుంటూ పోతుంది. టైమౌట్ దాకా కొత్త అక్షరం రాకపోతేనే బయటికొస్తుంది. ఆ టైమౌట్ మామూలుగా 1000 మిల్లీసెకన్లు. ప్రింట్ బటన్ నొక్కినప్పుడు మీకు కనిపించే ఒక సెకను ఆలస్యం అదే.

కంటిన్యూయస్ మోడ్‌లో లైన్ల మధ్య ఒక సెకను ఖాళీ ఎప్పుడూ రాదు. కాటా సెకనుకి 10 లైన్లు పంపుతుందనుకుంటే 180 బైట్లు. ఊనోలో ఉన్న ఏటీమెగా328పీ ర్యామ్ మొత్తం 2048 బైట్లు. అందులో మీ వేరియబుల్స్, స్టాక్ పోగా 1400 మిగిలాయనుకోండి, 8 సెకన్లలో నిండిపోతుంది. నిండాక స్ట్రింగ్ కొత్త అక్షరాలను చప్పుడు చెయ్యకుండా వదిలేస్తుంది, ఎర్రర్ అంటూ ఏదీ ఇవ్వదు. ఫంక్షన్ లూప్ మాత్రం అక్షరాలు వస్తున్నాయి కాబట్టి తిరుగుతూనే ఉంటుంది. అంటే బోర్డు ఆగిపోలేదు, ఆ ఒక్క పిలుపులో ఇరుక్కుపోయింది.

సరిచూసుకోవడం తేలిక. కంటిన్యూయస్‌లో నడుస్తుండగా కాటా కేబుల్ పీకేయండి. ఒక సెకను తర్వాత బోర్డు కదిలి ఏదో ఒకటి ప్రింట్ చేసిందంటే ఇదే.

#3 భీమిలి_బిట్

సోల్డరు గారు కారణం చెప్పారు, నేను టైపుల సంగతి రాస్తాను. "ఏ డేటా టైప్" అని ఒక్కటే అడిగితే జవాబు కుదరదు తమ్ముడూ. వైరు మీద నుంచి బరువు అయ్యేదాకా ఆ డేటా మూడు మెట్లు దిగుతుంది, మెట్టుకో టైపు ఉంటుంది.

మొదటి మెట్టు, ఒక్క అక్షరం. సీరియల్ రీడ్ తిరిగి ఇచ్చేది ఇంట్. ఎందుకంటే 0 నుంచి 255 దాకా ప్రతి విలువా నిజమైన బైటు కావచ్చు. "ఏమీ రాలేదు" అని చెప్పడానికి 256 విలువల బయట ఇంకొకటి కావాలి, అదే మైనస్ 1. దాన్ని నేరుగా చార్‌లోకి తీసుకుంటే ఊనోలో 255 అనే బైటూ, ఏమీ లేకపోవడమూ ఒకటైపోతాయి. అదే కోడ్ ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డుకి మారిస్తే ఇంకో రకంగా చెడుతుంది. అక్కడ చార్ అన్‌సైన్డ్, అంటే మైనస్ విలువలు ఉండవు, కాబట్టి మైనస్ 1తో పోల్చితే ఎప్పటికీ నిజం కాదు, "మైనస్ 1 వచ్చేదాకా చదువు" అన్న లూపు అంతం లేకుండా తిరుగుతుంది. అందుకని ముందు ఇంట్‌లోకి తీసుకోండి, సున్నా కన్నా తక్కువేమో చూడండి, కాదని తేలాకే చార్‌లో పెట్టండి.

రెండో మెట్టు, ఒక లైను. దీనికి చార్ అర్రే. మీ లైనులో చివరి రెండు బైట్లు తీసేస్తే 16 అక్షరాలు, ముగింపు సున్నాకి ఒకటి, అంటే 17 చాలు. అయినా 32 పెట్టండి. ఇండెక్స్‌కి యూఇంట్8_టీ సరిపోతుంది.

లైను పోగుచేసే పద్ధతి: లూపు తిరిగిన ప్రతిసారీ ఉన్న అక్షరాలన్నీ తీసుకో. లైన్ ఫీడ్ గానీ క్యారేజ్ రిటర్న్ గానీ వస్తే అర్రేలో ఇండెక్స్ దగ్గర సున్నా పెట్టి, ఇండెక్స్ సున్నా కాకపోతే ఆ లైను ప్రాసెసింగ్‌కి ఇచ్చి, ఇండెక్స్ మళ్ళీ సున్నా చెయ్యి. వేరే అక్షరమైతే, ఇండెక్స్ 31 కన్నా తక్కువ ఉంటేనే అర్రేలో వేసి ఒకటి పెంచు. 31కి చేరిందా, ఆ లైను చెడింది. ఒక "వదిలెయ్" ఫ్లాగ్ పెట్టి తర్వాతి ముగింపు అక్షరం దాకా అన్నీ పారెయ్. ఆ ఫ్లాగ్‌ని సెటప్‌లోనే ట్రూగా మొదలుపెట్టండి. బోర్డు ఆన్ అయ్యేసరికి కాటా లైను మధ్యలో ఉండొచ్చు, మొదటి సగం ముక్కని బరువుగా చదవకూడదు. ప్రింట్ మోడ్‌లో వాడేటప్పుడు మాత్రం ఆ ఫ్లాగ్ ఫాల్స్‌తో మొదలవ్వాలి, లేకపోతే మొదటి బరువు పోతుంది.

రెండు ముగింపు అక్షరాలనూ ఒప్పుకోమన్నది కావాలనే. కొన్ని పరికరాలు క్యారేజ్ రిటర్న్ ఒక్కటే పంపుతాయి. రెండూ పంపేవాటికి మధ్యలో ఖాళీ లైను పుడుతుంది, ఇండెక్స్ సున్నా అన్న పరీక్ష దాన్ని ఆపేస్తుంది.

మూడో మెట్టు, సంఖ్య. గ్రాములు, ఇంట్32_టీలో. ఊనోలో ఇంట్ 16 బిట్లు, పై హద్దు 32767. మీ 33250 నుంచి 65536 తీసేస్తే మైనస్ 32286, మీకు కనిపించింది సరిగ్గా అదే.

#4 మద్దిలపాలెం_ప్రాజెక్ట్

చాలా థ్యాంక్స్ అన్నా. కేబుల్ పీకి చూశాం, ఒక సెకనుకి పెద్ద చెత్తంతా ప్రింట్ అయింది. మీరు చెప్పినట్టు చార్ అర్రేకి మార్చాక కంటిన్యూయస్‌లో ఆగకుండా నడుస్తోంది, ఆలస్యమూ లేదు. కానీ మొత్తం వేరియబుల్‌ని లాంగ్ చేసినా 33.250కి ఇంకా మైనస్ 32286 వస్తోంది!

#5 భీమిలి_బిట్

కిలోల వేరియబుల్ ఇంకా ఇంట్‌గానే ఉండి ఉంటుంది. 33 ఇంట్, 1000 ఇంట్, కాబట్టి గుణకారం 16 బిట్లలోనే జరిగి మైనస్ 32536 అయిపోతుంది. దానికి 250 కలిశాక లాంగ్‌లోకి వెళుతుంది. అప్పటికే చెడిపోయిన విలువని పెద్ద గిన్నెలో పోసినట్టు. ఎడమ వైపు టైపు కుడి వైపు లెక్కని మార్చదు.

1000 పక్కన లాంగ్ సూచించే ఎల్ అక్షరం తగిలించండి. లేదా కిలోలనే లాంగ్ చెయ్యండి. ఇదే కోడ్ ఈఎస్‌పీ32లో ఏ తప్పూ చూపించదు, అక్కడ ఇంట్ 32 బిట్లు కాబట్టి. అందుకే నా కోడ్‌లో ఇంట్, లాంగ్ అని కాకుండా ఇంట్16_టీ, ఇంట్32_టీ అనే రాస్తాను. వెడల్పు పేరులోనే కనిపిస్తుంది.

#6 కంచరపాలెం_328

స్ట్రింగ్ మీద ఇంత కోపం అక్కర్లేదనుకుంటా. రీడ్‌స్ట్రింగ్‌అంటిల్‌కి లైన్ ఫీడ్ ఇస్తే లైను దగ్గర ఆగుతుంది, సెకను ఆలస్యం ఉండదు. ముందే రిజర్వ్ 32 చేస్తే మెమరీ ముక్కలవడమూ ఉండదు. మొదటిసారి చేసేవాళ్ళకి పాయింటర్ల బాధ ఎందుకు?

#7 గాజువాక_సోల్డరు

328 గారూ, రీడ్‌స్ట్రింగ్‌అంటిల్ నయమే, ఒప్పుకుంటాను. కానీ రెండు చిక్కులు ఉన్నాయి. లైను సగంలో కేబుల్ ఊడితే అది టైమౌట్ దాకా లూపుని పట్టుకుని కూర్చుంటుంది, తర్వాత ఆ సగం లైనునే పూర్తి లైనులా చేతికిస్తుంది. వచ్చింది పూర్తిదో కాదో తెలీదు, ఎందుకంటే లైన్ ఫీడ్‌ని అదే తీసి పారేస్తుంది. రెండోది, అది ప్రతిసారీ లోపల కొత్త స్ట్రింగ్ తయారుచేసి ఒక్కో అక్షరానికీ సాగదీస్తుంది. మీరు రిజర్వ్ చేసింది మీ వేరియబుల్‌ని, దాని లోపలిదాన్ని కాదు.

ఒకే గ్లోబల్ స్ట్రింగ్‌ని సెటప్‌లో రిజర్వ్ చేసి, మీరే ఒక్కో అక్షరం కలుపుతూ, లైను అయ్యాక ఖాళీ చేసి మళ్ళీ వాడితే మీ మాట నిజం, ముక్కలవదు. పొడవు హద్దు పరీక్ష మాత్రం అప్పుడూ రాయాలి. అది రాశాక చార్ అర్రేకీ దానికీ తేడా నాలుగు లైన్లే. 520 కేబీ ర్యామున్న ఈఎస్‌పీ32లో స్ట్రింగ్ వాడితే నేను అడ్డు చెప్పను. 2 కేబీలో చెబుతాను.

రీడ్‌బైట్స్‌అంటిల్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. అది అర్రేలోకే చదువుతుంది గానీ చివర సున్నా పెట్టదు. తిరిగి ఇచ్చిన లెక్క దగ్గర మీరే పెట్టాలి. పెట్టకపోతే పాత లైను తోక కొత్త లైనుకి అతుక్కుని కనిపిస్తుంది.

#8 యారాడ_దీపం

హార్డ్‌వేర్ సంగతి ఒకటి. ఆర్‌ఎస్-232 వోల్టేజీ ప్లస్, మైనస్ రెండు వైపులా ఊగుతుంది. మ్యాక్స్232 లేకుండా నేరుగా ఊనో పిన్నుకి కలిపితే పిన్ను పోతుంది. బోర్డు 3.3 వోల్ట్‌దైతే మ్యాక్స్3232 తీసుకోండి. హార్బర్ గాలిలో ఉప్పుకి డీ9 కనెక్టర్ పిన్నులు తొందరగా పచ్చబడతాయి. అప్పుడప్పుడూ ఒక అక్షరం చెడుతుంటే కోడ్ తిరగరాయకముందు కనెక్టర్ చూడండి. కాటా లోపలికి మాత్రం చెయ్యి పెట్టొద్దు. వ్యాపారంలో వాడే కాటాకి తూనికలు-కొలతల శాఖ ముద్ర ఉంటుంది, బయటి పోర్టుతోనే పని కానివ్వండి.

ఇదే అర్రే పద్ధతి పడవల్లో పెట్టే జీపీఎస్ మాడ్యూల్‌కీ పనికొస్తుందా? నియో-6ఎం ఉంది, అదీ 9600లోనే పంపుతోంది. అక్షాంశ రేఖాంశాలు ఫ్లోట్‌లో పెడితే బిందువు ఒకటిన్నర, రెండు మీటర్ల గెంతులు వేస్తోంది.

#9 భీమిలి_బిట్

పనికొస్తుంది. జీపీఎస్ మాడ్యూల్ పంపే లైన్ల పద్ధతి ఎన్‌ఎంఈఏ 0183, అందులో ఒక వాక్యం డాలర్ గుర్తు నుంచి చివరి రెండు బైట్ల దాకా కలిపి 82 అక్షరాలు మించకూడదని నియమం. అర్రే 84 పెట్టండి.

గెంతుల సంగతి. విశాఖ రేఖాంశం మాడ్యూల్ నుంచి 08313.11000 లాగా వస్తుంది. అంటే 83 డిగ్రీల 13.11 నిమిషాలు. దాన్ని అలాగే ఫ్లోట్ చేశారనుకుంటా. ఫ్లోట్‌లో కచ్చితత్వానికి 24 బిట్లే. 8192 దాటిన సంఖ్యకి పక్కపక్క విలువల మధ్య దూరం దాదాపు 0.001, ఇక్కడ అది నిమిషాల్లో. విశాఖ దగ్గర తూర్పు పడమరలుగా అది 1.7 మీటర్లు. ముందే డిగ్రీలుగా మార్చి 83.2185 అని ఫ్లోట్‌లో పెట్టినా గెంతు 0.8 మీటర్లు. డబుల్ వాడితే పోతుందనుకోకండి, ఊనోలో డబుల్ కూడా 4 బైట్ల ఫ్లోటే.

ఫ్లోట్ వదిలెయ్యండి. డిగ్రీలు, నిమిషాలు వేరుగా పూర్ణాంకాలుగా చదవండి. నిమిషాలను చుక్క తీసేసి 1311000గా ఇంట్32_టీలో పెట్టండి. 5తో గుణించి 3తో భాగిస్తే 2185000. డిగ్రీలు 83ని కోటితో గుణించి కలిపితే 832185000, అంటే డిగ్రీలో కోటో వంతు. 180 డిగ్రీలైనా 180 కోట్లే, ఇంట్32_టీ హద్దు దాదాపు 214.7 కోట్లు, సరిపోతుంది. ఈ 5, 3 లెక్క నిమిషాలకి చుక్క తర్వాత 5 అంకెలున్నప్పుడే. 4 అంకెలిచ్చే మాడ్యూల్ అయితే 50, 3.

కామాల దగ్గర విడగొట్టడానికి స్ట్ర్‌టోక్ వాడొద్దు. ఉపగ్రహాలు దొరకనప్పుడు గడులు ఖాళీగా ఉండి కామాలు పక్కపక్కనే వస్తాయి, స్ట్ర్‌టోక్ వాటిని ఒక్కటిగా చూసి గడులన్నీ ముందుకి జరిపేస్తుంది. రేఖాంశం గడిలో ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. స్ట్ర్‌చ్‌ఆర్‌తో కామా నుంచి కామాకి మీరే నడవండి.

#10 మద్దిలపాలెం_ప్రాజెక్ట్

ఎల్ తగిలించాక 33250 వచ్చింది. ఇప్పుడు ఇంకో కాటా తెచ్చాం, వేరే మోడల్. బాడ్ రేటు సరిగ్గానే పెట్టాం. అక్షరాలు కొన్ని సరిగ్గా, కొన్ని పిచ్చిగా వస్తున్నాయి. 0, 3, 5, 6, 9 బాగానే కనిపిస్తాయి. 1, 2, 4, 7, 8 ఎప్పుడూ చెత్తే. బాడ్ రేటు తప్పితే అన్నీ చెడాలి కదా?

#11 సీతమ్మధార_సిగ్నల్

ఏ అంకెలు చెడుతున్నాయో రాయడం మంచిదైంది, జవాబు అందులోనే ఉంది. ఆ కాటా 7 బిట్లు, ఈవెన్ పారిటీతో (ఒకట్ల సంఖ్య సరి అయ్యేలా కలిపే తనిఖీ బిట్) పంపుతోంది. మీరు 8 బిట్లు, పారిటీ లేకుండా చదువుతున్నారు. ఫ్రేము పొడవు రెంటికీ ఒకటే కాబట్టి ఫ్రేమింగ్ చెడదు, కానీ పారిటీ బిట్ ఎనిమిదో డేటా బిట్ అయి కూర్చుంటోంది.

1 అనే అంకె ఆస్కీలో 49. బైనరీలో మూడు ఒకట్లు. సరి చెయ్యడానికి పారిటీ బిట్ 1 అవుతుంది, మీకు 49కి బదులు 177 వస్తుంది. 2, 4, 7, 8లోనూ ఒకట్లు బేసి సంఖ్యలోనే ఉంటాయి. 0, 3, 5, 6, 9లో సరి సంఖ్యలో ఉంటాయి, అందుకే అవి బతికిపోయాయి.

హార్డ్‌వేర్ సీరియల్ అయితే బిగిన్‌లో రెండో విలువగా సీరియల్_7ఈ1 ఇస్తే చాలు, పారిటీ తప్పిన బైటుని ఆర్డ్యునో కోర్ లైబ్రరీయే పారేస్తుంది. మీరు సాఫ్ట్‌వేర్ సీరియల్‌లో ఉన్నారు, అది 8 బిట్లు, పారిటీ లేని పద్ధతి ఒక్కటే చదువుతుంది. కాబట్టి వచ్చిన బైటుని యూఇంట్8_టీలో ఉంచి, ముందు ఎనిమిది బిట్లలోని ఒకట్లు లెక్కపెట్టండి. బేసి అయితే ఆ లైను మొత్తం వదిలెయ్యండి. సరి అయితే 127తో యాండ్ చేసి అప్పుడు చార్ అర్రేలో వెయ్యండి.

ఇక్కడ చార్ వాడితే 177 అనేది మైనస్ 79 అవుతుంది. దాన్ని అంకేనా కాదా అని చూసే ఈజ్‌డిజిట్‌కి ఇవ్వడమే తప్పు. ఆ ఫంక్షన్లకి అన్‌సైన్డ్ చార్‌గా మార్చే ఇవ్వాలి.

#12 మద్దిలపాలెం_ప్రాజెక్ట్

అక్కా, అదే! పారిటీ చూసి 127తో యాండ్ చేశాక అన్ని అంకెలూ వచ్చాయి. చివరిది ఒకటి. బరువుని రేటుతో గుణించి డబ్బు కూడా చూపించాలి. పైసలు ముఖ్యం. గ్రాములు లాంగ్, రేటు కిలోకి 650 రూపాయలు అంటే 65000 పైసలు లాంగ్. ఇది సరిపోతుందా? ఫ్లోట్ వాడేద్దామా?

#13 గాజువాక_సోల్డరు

సరిపోదు. 33250 ఇంటూ 65000 అంటే 216 కోట్ల 12 లక్షల 50 వేలు, హద్దు దాటింది. 450 రూపాయల రేటుకి సరిగ్గా వచ్చి 650కి మైనస్ వస్తుంది. ఇలాంటిది వేలం మధ్యలోనే బయటపడుతుంది.

రేటుని రూపాయల్లోనే ఉంచండి. గ్రాములు ఇంటూ కిలో రేటు అంటే రూపాయిలో వెయ్యో వంతులు. 33250 ఇంటూ 650 అంటే 21612500. దాన్ని 10తో భాగిస్తే 2161250 పైసలు, అంటే 21,612 రూపాయల 50 పైసలు. 100 కిలోలు, 2000 రూపాయల రేటు వేసినా 20 కోట్లే. భాగించేముందు 5 కలిపితే సగం పైసా పైకి వెళుతుంది.

ఫ్లోట్ ఒక్క ట్రేకి పనికొస్తుంది, రోజు మొత్తానికి పనికిరాదు. మొత్తం 16,384 కిలోలు దాటాక ఫ్లోట్‌లో పక్కపక్క విలువల మధ్య దూరం దాదాపు 2 గ్రాములు. ప్రతి కూడికలోనూ అందులో సగం దాకా గుండ్రం అవుతుంటే సాయంత్రానికి కాగితం మీది లెక్కతో కలవదు. ఊనోలో స్ప్రింట్‌ఎఫ్ కూడా ఫ్లోట్‌ని మామూలుగా ప్రింట్ చెయ్యదు, ప్రశ్న గుర్తు పెడుతుంది. పైసలని 100తో భాగించి రూపాయలు, శేషం పైసలుగా చూపించండి, శేషం 10 కన్నా తక్కువైతే ముందు సున్నా.

#14 సీతమ్మధార_సిగ్నల్

ముగించేముందు మీ మొదటి పోస్టులోని సబ్‌స్ట్రింగ్ స్థానాలు చూశాను. 7 నుంచి మొదలుపెట్టారు, గుర్తు ఉన్నది 6లో. అంటే ప్లస్సో మైనస్సో కోడ్ అసలు చూడట్లేదు. టేర్ (ఖాళీ ట్రే బరువుని సున్నా చేసే బటన్) కొట్టాక ట్రే తీసేస్తే కాటా మైనస్ 1.850 చూపిస్తుంది, మీ కోడ్ దాన్ని 1850 గ్రాముల చేప అనుకుంటుంది.

6 నుంచి మొదలుపెట్టి, అక్షరాలని సంఖ్యగా మార్చే స్ట్ర్‌టోల్‌కి ఇచ్చినా కుదరదు. గుర్తుకీ అంకెకీ మధ్య ఖాళీ ఉంది కాబట్టి సంఖ్యే లేదనుకుని 0 ఇస్తుంది. ఖాళీ లేకపోయినా మైనస్ 0.350 దగ్గర దెబ్బ తింటారు, కిలోలు మైనస్ 0 అంటే ఉత్త 0, గుర్తు పోతుంది.

అందుకని గుర్తుని ఒక బూల్‌లో దాచండి. తర్వాత 7 నుంచి నడుస్తూ ఖాళీలు దాటండి, అంకె వస్తే మొత్తాన్ని 10తో గుణించి అంకె కలపండి, చుక్క వస్తే అక్కణ్ణుంచి దశాంశాలు లెక్కపెట్టండి. ఇంకేదైనా అక్షరం వస్తే ఆగండి. దశాంశాలు మూడుకి తక్కువైతే మూడయ్యేదాకా 10తో గుణించండి. రెండో కాటా రెండు దశాంశాలే ఇచ్చేదైతే 33.25ని 3325 గ్రాములుగా చదివే ప్రమాదం దీనితో పోతుంది. చివర్లో బూల్ చూసి మైనస్ పెట్టండి. లైను ఎస్‌టీతో మొదలైతేనే బరువుగా తీసుకోండి. యూఎస్ అంటే బరువు ఇంకా నిలకడగా లేదు, ఓఎల్ అంటే కాటా మోయగలిగినదానికన్నా ఎక్కువ పెట్టారు.

పరీక్షకి కాటా అక్కర్లేదు. చదివే కోడ్‌ని తాత్కాలికంగా యూఎస్‌బీ సీరియల్‌కి మార్చి, సీరియల్ మానిటర్‌లో లైన్ ఎండింగ్ రెండూ పెట్టి చేత్తో లైన్లు పంపండి. 33.250, మైనస్ 0.350, 33.25, సగం లైను, 40 అక్షరాల లైను, ఖాళీ లైను, యూఎస్ లైను. ఇది 8 బిట్ల ప్రవాహం, కాబట్టి ఆ పరీక్షలో పారిటీ లెక్క ఆపేసి ఉంచండి.

#15 మద్దిలపాలెం_ప్రాజెక్ట్

ఏడూ పంపాం. మైనస్ 0.350కి మైనస్ 350, 33.25కి 33250 వచ్చాయి. సగం లైను వెనకే పంపిన పూర్తి లైనుకి అతుక్కుపోయింది.

#16 సీతమ్మధార_సిగ్నల్

మానిటర్ సగం లైనుకి కూడా ముగింపు కలుపుతుంది కదా, అతుక్కుందంటే ఆ ఒక్కదానికి లైన్ ఎండింగ్ తీసేసి పంపినట్టున్నారు. నిజంగా కేబుల్ ఊడినప్పుడూ ఇలాగే జరుగుతుంది. చివరి అక్షరం వచ్చినప్పటి మిల్లిస్ (బోర్డు ఆన్ అయ్యాక గడిచిన మిల్లీసెకన్లు) దాచి, 50 మిల్లీసెకన్లు దాటాక కొత్త అక్షరం వస్తే ఇండెక్స్‌ని సున్నా చేసి మొదలుపెట్టండి. 9600లో అక్షరానికి 1.04 మిల్లీసెకన్లే, ఒకే లైను మధ్యలో అంత ఖాళీ రాదు. ఆ మిల్లిస్ వేరియబుల్ యూఇంట్32_టీ అయ్యుండాలి, ఊనోలో అన్‌సైన్డ్ ఇంట్ అయితే 65 సెకన్లకోసారి చుట్టు తిరుగుతుంది.